ముక్కులో ఊదిన మందు

బామ్మర్ది మల్లప్పకు,

ఏడేళ్లయినా నీ మీద నా కోపం చల్లారలేదు. నా టాంగా గుర్రానికి ముక్కు కారితే, నన్ను అడగకుండా పశువుల డాక్టరును తోలుకొచ్చింది నువ్వే. ఆయన దాన్ని తుపాకితో కాల్పించి, సున్నం పోసి పూడ్పించాడు.

"గీ జబ్బు మనుషులకు గూడ అంటుతది బావా" అన్నావు.

"పోరా, గుర్రం సర్దికి మనిషి చస్తడా?" అని నిన్ను గడప అవతలికి నెట్టాను.

పోయిన నెల కొత్త గుర్రానికీ అట్లే ముక్కులో చీము కారింది. నీకు తెలిస్తే మళ్లీ తుపాకి వస్తదని ఎవరికీ చెప్పలేదు. మా తాతల పద్ధతిలో వెదురు గొట్టంతో దాని ముక్కులోకి మందు ఊదించాను. అయినా చచ్చింది.

ఊదిన మనిషి ఇప్పుడు పాలమూరు దవాఖానలో ఉంది. ఒళ్లంతా పుండ్లు, తగ్గని జ్వరం. ఏం జబ్బో డాక్టరుకు అంతు చిక్కడం లేదు. గుర్రానికి ఏమొచ్చిందని నన్ను అడుగుతున్నాడు.

ఆమె నా కోడలు. నీ బిడ్డ బీరమ్మ.

సోమవారం లోపల దవాఖానకు వచ్చి, పశువుల డాక్టరు నీకు చెప్పిన ఆ జబ్బు పేరు చెప్పు. నాడు నువ్వు చెప్పావు, నేను వినలేదు.

నీ బావ