రైల్వేలో అంకిత

"సంతకం పెట్టనంటే పెట్ట. మీరు పోండ్రి టీచరమ్మా."

పసుపు ఉడుకుతున్న కడాయి దగ్గర కూర్చున్న దేవిదాస్ తల కూడా ఎత్తలేదు. అతని కూతురు నిరోష తలుపు చాటున నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. తెల్లారితే హైదరాబాద్‌లో కబడ్డీ రాష్ట్ర జట్టు ఎంపికలు. తండ్రి సంతకం లేకపోతే ఆ పిల్ల బస్సెక్కేది లేదు.

"నాలుగు దినాలు పరాయి ఊర్లె నిక్కరేసుకొని ఆడుతదా? మంది ఏమనుకుంటరు?"

పీఈటీ స్నేహలత మంచం మీద సర్దుక్కూర్చుంది. కూర్చుందంటే ఇక లేచే రకం కాదు. ఆమె రాకముందు బోధన్ చుట్టుపక్కల బడుల్లో ఆడపిల్లల జట్టన్న మాటే లేదు. ఇప్పుడు పదకొండు జట్లు. ఇంటింటికీ తిరిగి, తిట్లు తిని, ఒక్కో పిల్లనూ మైదానంలోకి తెచ్చింది. వద్దన్నారని వెనక్కి వచ్చేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ భయమే ఏ గడప దగ్గరా ఆమెను ఊరుకోనివ్వదు.

పక్కనే ఉన్న సాయవ్వ వైపు చూసింది. ధర్పల్లి మనిషి. తొమ్మిదేళ్లుగా స్నేహలత వెంట ఊళ్లన్నీ తిరుగుతోంది, ఒక్క సొంత ఊరు తప్ప.

సాయవ్వ కొంగు నిండుగా కప్పుకుంది.

"అన్నా, నేను గూడ గిట్లనే మొండికేసిన. నా బిడ్డ అంకిత కాళ్లమీద వడ్డది. ఆఖరుకు వేలిముద్ర ఏసిన. ఆడింది, గెలిచింది. గిప్పుడు సికింద్రాబాద్ల రైల్వే నౌకరి. పోయినేడు లగ్గం గూడ అయ్యింది. అల్లుడు బంగారమసొంటోడు."

స్నేహలత తల వంచుకుంది. ఈ మాటలు చెప్పేటప్పుడు సాయవ్వ మొహం చూసే ధైర్యం ఆమెకు ఏనాడూ చాలలేదు. అంకిత కూత చెవి పక్కనే, గుక్క తిప్పుకోకుండా వినిపిస్తుంది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. ఎక్కడ ఆగిపోతుందోనని భయం.

దేవిదాస్ పొయ్యిలోకి కట్టె ఎగదోశాడు.

"మంచిగున్నదా నీ బిడ్డ?"

"మస్తుగున్నది అన్నా. రోజు ఫోన్ జేస్తది."

అతను చెయ్యి పంచెకు తుడుచుకుని పెన్ను అడిగాడు. కాగితం మీద పసుపు వేలిమరక కూడా పడింది. నిరోష లోపల్నుంచి ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు దేవిదాస్ కూడా నవ్వాపుకోలేకపోయాడు.

స్కూటీ చెరుకు తోటల నడుమ బోధన్ దారి పట్టింది.

వెనక కూర్చున్న సాయవ్వ స్నేహలత భుజం మీద చెయ్యేసి మెల్లగా అడిగింది: "నాడు నేను వేలిముద్ర ఏసి ఉంటే నా అంకిత బాయిల దుంకకపోతుండె, గీపాటికి దానికో కొడుకు గూడ పుడుతుండె, వచ్చే ఊర్లె కొడుకు పుట్టిండని చెప్దామా టీచరమ్మా?"