పెడల్‌కు పెడర్థం

భూపాలపల్లిలో కారుకు అలంకారం అంటే సంపత్ దుకాణమే.

అలంకారంలో కారం ఉన్నట్టే అతని మాటల్లోనూ కాస్త కారం ఉంటుంది. పెడల్ కవర్లు బిగించేవాడు గనక పెడర్థాలు తీయడం తన వృత్తిధర్మం అనుకుంటాడు.

ఆ రోజు తలెత్తేసరికి దుకాణం ముందు ఒక పాత తెల్ల కారు, దాని పక్కన ఒక నడివయసు ఆడమనిషి కనిపించారు. తోలుకొచ్చిన మగమనిషి చాయ్‌కి పోయుంటాడనుకున్నాడు.

ఆమె పేరు చంద్రి. కాటారం దగ్గర తండా. పెడళ్ల రబ్బరు అరిగి నున్నబడిందని, మెటల్ కవర్లు వేయమని అడిగింది.

"అంచులు జర అరగదియ్యి అన్నా. మట్టెలకు తట్టొద్దు."

సంపత్‌కు పండగే.

"మెటల్‌కు, మట్టెలకు పడదక్కా. చెప్పులేసుకొని తోలొచ్చు గద?"

"కొత్తగ నేర్చెటోళ్లు బండికి మొక్కి, చెప్పులిడిచే ఎక్కుతరు."

అసలు సంగతి ఆమె మెల్లగా చెప్పింది. ఒకామెకు రేపు లైసెన్స్ పరీక్ష. పోయినసారి బ్రేకు మీద కాలు జారి ఫెయిలైంది. ఈసారీ జారితే జన్మలో స్టీరింగ్ పట్టనని ఒట్టేసుకుందట.

'ఒకామె' అంటే ఈమేనని సంపత్ ఇట్టే పట్టేశాడు. పాపం, సిగ్గుపడి దాస్తోంది.

పరాయి ఆడమనిషి కాళ్లవంక చూడటం మర్యాద కాదని చూడలేదు గానీ, చూసి ఉంటే మట్టెలు కాదు, బూట్లు కనిపించేవి.

ఇక పాఠం మొదలుపెట్టాడు. క్లచ్ ఏ పక్కనుంటుంది, బ్రేకు ఎప్పుడు తొక్కాలి, అన్నీ విడమరిచి చెప్పాడు. ఆమె ప్రతిదానికీ "అట్లనా అన్నా" అంటూ బుద్ధిగా విన్నది.

ఆ ఊపులో, ఆడవాళ్ల చేతికి కారిస్తే మిగిలేవి కారుకూతలేనన్నాడు. తన భార్య జ్యోత్స్న డ్రైవింగ్ నేర్పమంటే నలుగురి ముందే నవ్వి పంపించానని గొప్పగా చెప్పుకున్నాడు.

చంద్రి నవ్వలేదు.

"నోరాడింది సాలు గని, చెయ్యాడనియ్యి అన్నా."

నోటి సంగతెలా ఉన్నా, సంపత్ చేతికి వంక పెట్టినవాడు లేడు.

పాత రబ్బర్లు ఊడదీశాడు. కవర్లు కూర్చి, వెనక పట్టీలు వేసి, మరలు బిగించాడు. బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ మధ్య పాదం ఇరుక్కోకుండా సందు సరిచూశాడు. ఆకురాయి పట్టి అంచులన్నీ గుండ్రంగా అరగదీశాడు. ఆఖరికి తానే చెప్పులు విడిచి, పాదం మీద నీళ్లు పోసుకొని బ్రేకు తొక్కాడు.

జారలేదు.

"ఇవి కవర్లే గని, కవరింగ్ కాదక్కా," అన్నాడు ఛాతీ పొంగించి. "ఆ ఒకామె కాలు జారితే నా పేరు మార్చుకుంట."

మర్నాడు మధ్యాహ్నం అదే తెల్ల కారు వచ్చింది. అడ్డొచ్చిన బర్రెకు దారిచ్చి, దుకాణం మెట్టు ముందు గీత గీసినట్టు ఆగింది.

అక్క పాసైనట్టుంది అనుకుంటూ సంపత్ ఎదురెళ్లాడు.

చంద్రి ఎడమవైపు సీట్లో కూర్చుని ఉంది.

స్టీరింగ్ ముందున్నది జ్యోత్స్న.

సంపత్ చంద్రి వంక తిరిగాడు.

"ఏందక్కా గిది, నువ్వే నిన్నమొన్న నేర్చుకుంటున్నవాయె. మా ఇంటిదానికి బండెట్ల ఇచ్చినవ్?"

జ్యోత్స్న తీరిగ్గా ఇంజన్ ఆపి, అద్దం దించి, మొగుడి మొహంలోకి చూసింది.

"పాసైంది నేను," అంది. "కాలు జారకుండ బిగించెటోడు జిల్లాల మా ఆయనొక్కడేనని, నాకు డ్రైవింగ్ నేర్పిన ఈ చంద్రి టీచర్‌ను నీ కాడికి తోలింది గూడ నేనే."