మాస్టరు గారి పథ్యం

"ఆ చెయ్యి వెనక్కి తియ్యమ్మాయ్. నా మొగుణ్ణి చంపుతావా ఏంటి?"

మాస్టరు భార్య ఒవెన్ దగ్గర్నుంచే కేకేసింది. మంచం పక్కన కూర్చున్న ఆడపడుచు, అన్నయ్య పెదాల దాకా తీసుకెళ్ళిన వేలిని చప్పున దించేసింది. వేలి కొసన ఉన్నది బాదం గ్లేజు, డోనట్ల మీద పట్టించే తీపి పూత. అదీ ఆవగింజంత.

"నాలిక్కి రాద్దామనుకున్నా వదినా. పుట్టినరోజు పూట కదా అని."

"రాస్తే నాలిక మీదే ఉంటుందా? గొంతు పనిచెయ్యదు ఆయనకి. మింగింది పొట్టలోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోయిందంటే ఇంక మనిషి దక్కడు."

చెల్లెలు వేలిని చేతిరుమాలుకి తుడుచుకుంది.

మాస్టరంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టరు కాదు, పెద్ద బేకరీలో మాస్టరు. ఆయన చేతి డోనట్ల కోసం పొద్దున్నే జనం బారులు తీరేవాళ్ళు. పక్షవాతం వచ్చి ఇప్పుడా మనిషికి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది, రాత పోయింది. అవునా అంటే తలూపుతాడు, కాదా అన్నా తలూపుతాడు. పూటకో గిన్నెడు చప్పటి చిక్కటి జావ, అదీ చెంచాతో. చూడ్డానికొచ్చిన వాళ్ళు అయ్యో పాపం అనేవాళ్ళు. ఆయన దగ్గర తిట్లు తిన్న పనివాళ్ళు మాత్రం వీధి మలుపు తిరిగాక నవ్వుకునేవాళ్ళు. ఆ నోటితో ఆయన సంపాదించుకున్నది అంతే మరి.

"మంచం వంటింటి గుమ్మం దాకా జరిపించావేం వదినా?" అడిగింది చెల్లెలు.

"తినే యోగం ఎలాగూ లేదు. వాసనైనా పీల్చుకుంటారని. ప్రతి ఆదివారం చేస్తున్నాను, ఆయన కోసమే."

చెల్లెలి కళ్ళు చెమర్చాయి. ఇలాంటి ఇల్లాలిని పట్టుకుని అన్నయ్య ఎన్నెన్ని మాటలన్నాడో అనుకుంది.

ట్రే బయటికొచ్చింది. వేయించిన బాదం వాసన ఇల్లంతా కమ్మేసింది. వదిన కాసేపు ఆగి, డోనట్లు గోరువెచ్చబడ్డాక ఒక్కొక్కదాన్నీ గ్లేజులో బోర్లా ముంచి, తిప్పి లేపి, ఆరడానికి తీగల జాలీ మీద పెట్టసాగింది.

"వేడి మీద ముంచితే కారిపోతుంది, చల్లారాక ముంచితే అంటుకోదు. మీ అన్నయ్య తిట్టి తిట్టి నేర్పించిన విద్య ఇది."

చెల్లెలికి నవ్వొచ్చింది. "నువ్వు మొదటిసారి చేసిన రోజు గుర్తుందా? ఇంటినిండా చుట్టాలు. అన్నయ్య ఒక్క ముక్క కొరికి, థూ అని ఉమ్మేసి, ట్రే మొత్తం తీసుకెళ్ళి కుక్క ముందు పెట్టాడు. అది కూడా వాసన చూసి పోయింది. పొట్టలు పట్టుకుని నవ్వాం అందరం."

"నేనూ నవ్వానుగా," అంది వదిన, ఇంకోటి ముంచుతూ. "ఆ తర్వాత నా చేతి డోనట్ ఆయన ముట్టనే లేదు. మాస్టరు నాలుక కదా."

"ఇప్పుడైతే కళ్ళకద్దుకుని తినేవాడు పాపం."

మంచం మీద నుంచి ఊఁ ఊఁ అంటూ మూలుగు మొదలైంది. మాస్టరు ఎడమచేత్తో మంచం పట్టెను దబదబా బాదుతున్నాడు. చూపంతా చెల్లెలి మీదే ఉంది.

"మళ్ళీ డాక్టరుకి చూపించావా వదినా?"

"ఇంటికే పిలిపించాను. పోయిన నెల వచ్చి గొంతు నొక్కి చూశాడు, నీళ్ళు తాగించి చూశాడు."

"ఏమన్నాడు?"

"దగ్గరుండి కనిపెట్టుకోమన్నాడు. కనిపెట్టుకునే ఉన్నానుగా."

మూలుగు ఇంకా పెద్దదయింది. వాసనకి ప్రాణం లాగేస్తోంది కాబోలు అనుకుంది చెల్లెలు. వదిన ఇచ్చిన ప్లేటు అందుకుని, అన్నయ్యను ఊరుకోబెడదామని మళ్ళీ మంచం పక్కనే కూర్చుంది. అక్కడే వచ్చింది తంటా. ఎడమచెయ్యి ఒక్క ఊపున వచ్చి ప్లేట్లోని డోనట్‌ను లాక్కుంది. చెల్లెలు తేరుకునేలోపు సగం నోట్లోకి వెళ్ళిపోయింది.

"వదినా, తినేస్తున్నాడు, వదినా!"

వదిన చేతిలో గిన్నె కింద పడేసి వచ్చింది. ఒక చేత్తో దవడలు నొక్కి పట్టి, రెండో చేతి వేళ్ళు నోట్లో పెట్టి కెలికి, మెత్తటి ముద్ద మొత్తం బయటికి లాగింది. మాస్టరు కసితీరా కొరికాడు. వేలి నుంచి రక్తం వచ్చినా ఆవిడ చెయ్యి తియ్యలేదు. పిడికిట్లో మిగిలిన ముక్క కోసం వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది. తడిగుడ్డతో పెదాలు, చిగుళ్ళు, నాలుక, అన్నీ తుడిచేసింది, తీపి చుక్క కూడా మిగలకుండా. మాస్టరు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి.

చెల్లెలు ఖాళీ ప్లేటును మంచానికి దూరంగా పెట్టేసింది. "నా చేతుల మీదుగా పోయేవాడు. నువ్వు చూడబట్టి సరిపోయింది."

"ఏం కాలేదులే. ఊరుకో."

"ఇంకొకతె అయితే ఎప్పుడో ఏ ఆశ్రమంలోనో పడేసి చేతులు దులుపుకునేది. నువ్వు దేవతవి వదినా. మా అన్నయ్య చేసుకున్న పుణ్యం."

వదిన వేలికి గుడ్డ చుట్టుకుని, మిగిలిన డోనట్లు డబ్బాలో సర్ది ఆమె చేతికిచ్చింది. "పిల్లలకి పెట్టు. ఇక్కడ తినేవాళ్ళెవరున్నారు?"

గుమ్మం దగ్గర చెల్లెలు ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. కారు కదిలి వెళ్ళేదాకా చూసి, వదిన తలుపు గడియ పెట్టింది. జావ వెచ్చబెట్టి తెచ్చి, మాస్టరు మెడకింద తువ్వాలు సర్ది, పక్కన కూర్చుంది. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆవిడ నెమ్మదిగా జుట్టు సవరించింది.

"చెల్లెలికి చెప్పాలని ఎంత తాపత్రయపడ్డారండీ," అంది ఆయన చెవి దగ్గరికి వంగి. జావ చెంచా పెదాలకి ఆనించింది.

"ఇంక అన్నీ తినొచ్చని డాక్టరు అన్నది మనిద్దరికే కదండీ తెలుసు."