ఊపిరి తీసుకునే పెట్టె

"మీరేనా రిపేరు?" అంది స్తుతి, గడియారం చూసుకుంటూ.

గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన రెక్సిన్ సంచి కింద పెట్టాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ము. చర్ల రోడ్డులో బస్సు దిగినవాళ్ళందరూ అలాగే ఉంటారు.

"ఏమైంది మేడం దీనికి?" అన్నాడాయన, అవుననకుండా, కాదనకుండా.

"అది మీరే చెప్పాలి. పొద్దుట్నుంచీ మీకోసమే చూస్తున్నా."

అది మిషన్ బడిలో ఉన్న కాళ్ళ హార్మోనియం. దొరల కాలంలో వచ్చింది. కింద కాళ్ళతో తొక్కితే తిత్తుల్లోకి గాలి పోయి పైన మోగాలి. ఎలుకలు తిత్తుల తోలు కొరికేశాక అది మోగడం మానేసి దగ్గుతోంది.

శనివారం ఖమ్మం నుంచి ఇన్‌స్పెక్షన్‌కు ఒక సారు వస్తాడు. ఆయన సరేనంటే సంగీతం పీరియడ్ ఉంటుంది, లేదంటే దాన్ని లెక్కలకిచ్చేస్తారు. లెక్కలకిస్తే స్తుతి తిరిగి మధిర రైలెక్కాలి. సర్టిఫికెట్ పట్టుకుని ఎంతో ఆశగా వచ్చిన పిల్ల. వచ్చి ఆరు నెలలే అయింది. ఈ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం.

"మీ పని మీరు కానివ్వండి. క్లాసు ఆపలేను," అని పిల్లల వైపు తిరిగింది.

"బాఖ్?"

"పదహారు వందల ఎనభై అయిదు!"

"మొజార్ట్?"

"పదిహేడు వందల యాభై ఆరు!"

విదేశీ సంగీతకారులు పుట్టిన సంవత్సరాలను ఆరో తరగతి మొత్తం ఎక్కాలు అప్పజెప్పినట్టు అరిచింది.

మంగ్లి లేచి నిలబడింది. "టీచర్, బాఖ్ అంటే మనిషా, ఊరా?"

అందరూ నవ్వారు. స్తుతికి మాత్రం నవ్వు రాలేదు. శనివారం కూడా ఇది ఇలాగే అడిగితే తన పని అయిపోయినట్టే.

"మనిషే. మూడు కీబోర్డు వాయిద్యాలు చెప్పు."

"పియానో, ఆర్గాన్, హార్ప్సికార్డ్."

"తేడా ఏంటి?"

మంగ్లి పుస్తకం తిరగేసింది. ఆ మాటకొస్తే స్తుతికీ పుస్తకంలో ఉన్నంతే తెలుసు. పియానోను ఆమె బొమ్మలో తప్ప చూడలేదు, ఈ పెట్టె వాయించడమూ సరిగా రాదు.

నేల మీద చతికిలబడి తోలు అతికిస్తున్న పెద్దాయన తలెత్తాడు.

"పియానో తీగను కొడ్తది బిడ్డా. హార్ప్సికార్డ్ తీగను గిల్లుతది. ఆర్గాన్ ఊపిరి తీసుకుంటది. గీ పెట్టె గూడ దాని సుట్టమే."

వెనక బెంచీలో ఒకరినొకరు గిల్లుకుని "హార్ప్సికార్డ్! హార్ప్సికార్డ్!" అంటూ కిచకిచలు మొదలుపెట్టారు.

"ఇగ బాఖ్ సంగతి. ఇరవై ఏండ్ల పిలగాడు. ఒక పెద్ద సారు ఆర్గాన్ వాయిస్తడంటే విందామని నడుసుకుంట పోయిండు. ఈడికెళ్ళి హైదరాబాద్ ఎంతనో గంత దూరం."

"చెప్పులున్నయా?" అంది మంగ్లి.

"గది నాకు తెల్వది గని, పోయినోడు జల్దీ వాపస్ రాలె. నెల సెలవు పెట్టి, నాలుగు నెలలు ఆడనే ఉన్నడు."

క్లాసు గొల్లుమంది. పెద్దాయన స్టూలు లాక్కుని, కాళ్ళతో తొక్కుతూ వాయించసాగాడు. బాఖ్ కట్టిన చిన్న బాణీ. ఆ గదిలో అంత చక్కటి సంగీతం ఎవరూ ఎప్పుడూ వినలేదు. పిల్లలు బెంచీలు వదిలేసి చుట్టూ మూగారు. ఆయన మంగ్లి వేళ్ళు పట్టుకుని మీటల మీద పెట్టాడు.

స్తుతికి ఒళ్ళు మండింది. కోపమనుకుంది గానీ, అది సిగ్గు. ఆరు నెలల్లో తన పాఠానికి ఒక్క పిల్లా అలా లేచి రాలేదు.

"పెద్దాయనా! ఎల్లుండి మాకు ఇన్‌స్పెక్షన్ ఉంది. పిల్లల టైం పాడు చేయకండి. పనైపోతే దయచేయండి."

సంగీతం ఆగిపోయింది.

"అయిపోయింది మేడం. తప్పైంది."

సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గర ఆగాడు. "నాలుగు గంటల బస్సు దాక ఖాళీనే ఉంట. వాయించుడు మీకు గూడ సూపియ్యమంటే సూపిస్త."

"అక్కర్లేదండీ."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఇంకో మనిషి ఇనుప పెట్టె మోసుకుంటూ వచ్చాడు.

"నమస్తే మేడం. నేను పగిడయ్యను, హార్మోనియం రిపేరు. నిన్న బస్సు ఖరాబై బూర్గంపాడుల్నే ఆగిపోయిన."

స్తుతి హార్మోనియం వైపు తిరిగింది. "మరి నిన్న వచ్చిందెవరు?"

పగిడయ్య హార్మోనియం మూత తీసి లోపలికి తొంగి చూశాడు. "ఎవరో గని మేడం, మస్తు పనోడు. నాకు పనే మిగల్చలె."

ఇంతలో హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఇన్నమ్మ కవరు పట్టుకుని వచ్చింది.

"నిన్న నేను భద్రాచలం పోతి గద స్తుతీ. శనివారం రావల్సిన సారు ముందుగాల్నే వచ్చి గిది అటెండర్ చేతికిచ్చి పోయిండట. చదువు."

"ఉద్యోగం పోయిందా సిస్టర్?"

"చదువమంటున్న గద!"

స్తుతి కవరు చింపింది. కాగితంలో నాలుగు వరుసలే ఉన్నాయి.

'సంగీతం పీరియడ్ ఉంచాలి. ఈ టీచర్‌నే ఉంచాలి. పిల్లల టైం పాడవుతోందని ఆమె నన్నే బయటికి పంపారు. అంత పట్టింపు ఉన్న మనిషికి వాయించడం నేర్పడం ఎంతసేపు. నాకే ఇక వీలుపడదు, ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాను. ఇది నేను చూసిన చివరి బడి.'

కింద నీలం సిరాతో సంతకం ఉంది: అంతోనయ్య, సంగీతం ఇన్‌స్పెక్షన్ ఆఫీసరు.