మునేష్ పళ్లు

చల్లగాలి గొట్టం పంటి దగ్గరికి రాగానే అతను కుర్చీలో ఎగిరిపడ్డాడు. కణతల దాకా జివ్వుమంది.

"ఇట్లుంటే ఈ పొద్దు పండ్లు తెల్లగా చేసేది కుదరదన్నా," అంది డాక్టర్ రక్షిత. "మందు తగిలితే ప్రాణం పోయినట్లుంటాది. ఇంగో రెండు వారాలు నేను రాసిచ్చిన పేస్టే వాడి రాండి."

"రేపు మా అమ్మ కంటికి కట్టు విప్పుతారు మేడం. ఈ పొద్దే కావల్ల. నొప్పి ఓర్చుకుంటాను."

కేజీఎఫ్ బంగారు గనుల పక్కన రాబర్ట్‌సన్‌పేటలోని ఆ చిన్న క్లినిక్కు అతను రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు, నెల రోజులు ఇటుకపొడి, నిమ్మచెక్క కలిపి పళ్లు తోమానని గొప్పగా చెప్పి చీవాట్లు తిన్నాడు. నలభై ఆరేళ్ల మనిషి చేసే పనేనా అది? గోధుమరంగు మచ్చలు పోలేదు సరికదా, పైపొర అరిగి గుక్కెడు నీళ్లు తాగినా విలవిల్లాడేవాడు.

"కేజీఎఫ్ కొళాయి నీళ్లు తాగినోళ్లకి ఇట్లా మచ్చలు రావే. చిన్నప్పుడు యాడ పెరిగినారు?"

"మాస్తి దగ్గర, అవ్వ ఇంట్లో. అంతా ఫ్లోరైడు బోరు నీళ్లు. మేము కవలలం మేడం. గని జీతానికి ఇద్దర్ని సాకేది కష్టమని ఒకణ్ణి ఉంచుకోని ఒకణ్ణి అవ్వకిచ్చేసినారు."

ఇచ్చేసిన బిడ్డ ఇతనేనన్నమాట.

"సరే, జివ్వుమనకుండా ముందు ఈ జెల్ పెడతాను. పది నిమిషాలు నోరు తెరిచే ఉండల్ల. మళ్లీ గాలి కొడతాను. అప్పుడూ ఎగిరినారంటే ఇంటికి పంపించేస్తాను."

నోరు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకున్నాడు. మాట్లాడకుండా ఉండడం అతనికి కొత్తేమీ కాదు. రోజూ బస్సులో వెళ్లి కాపలా కాసే నరసాపురం ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరూ 'సెక్యూరిటీ' అనే పిలుస్తారు. అతనుండే పాత గని క్వార్టర్స్ లైన్లో సగం ఇళ్లకు తాళాలే. అతని పేరు పెట్టి ఎవరూ పిలవక ఎనిమిది నెలలైంది.

ఇంట్లో అమ్మ ఒక్కతే. రెండు కళ్లలోనూ పొర కమ్మి ఏమీ కనబడదు. అతను గడప దాటగానే తడుముకుంటూ వచ్చి ముఖం పట్టుకుని, తిన్నావా నాయనా అని అడుగుతుంది. అంత ప్రేమగా అతన్ని ఎవరూ ఎప్పుడూ అడిగి ఎరగరు. ఆ మాట కోసమే డ్యూటీ దిగగానే ఇంటికి పరుగెత్తేవాడు. ఇప్పుడు ఒక కంటికి ఆపరేషనై ఆ అమ్మకు చూపొస్తోంది. సంతోషపడాల్సిన మనిషికి భయం పట్టుకుంది.

"మచ్చలుంటే మీ అమ్మ మిమ్మల్ని గుర్తుపట్టదా ఏంది?" డాక్టర్ నవ్వింది.

నోటినిండా జెల్ ఉంది. అతను పైకప్పు కేసే చూశాడు.

పది నిమిషాలయ్యాక మళ్లీ గాలి కొట్టింది. నొప్పి చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ముఖం మాత్రం కదలనివ్వలేదు.

గంటన్నర తర్వాత ఆమె అద్దం ఇచ్చింది. మచ్చలు పలచబడి తెలుపులో కలిసిపోయాయి. అద్దంలోని మనిషిని చూసి అతనికి ఏడుపొచ్చింది. నొప్పనుకుని ఆమె మాత్రలు రాసిచ్చింది.

మర్నాడు ఆసుపత్రిలో నర్సు కట్టు విప్పింది. అమ్మ రెప్పలు కొట్టుకుంటూ అతని వైపు చూసింది.

"ఏదీ, నవ్వు నాయనా."

పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"నా మునేషే," అంది అమ్మ, గడ్డం పట్టుకుని. కాసేపు చూసుకుని, అతని భుజం మీదుగా తలుపు వైపు వెతికింది. "శశి రాలేదా? వాని మచ్చల పండ్లు చూసి నలుగురు నవ్వుతారని, పండగలకి గూడా పిలిపించుకోలేదు నేను. నోరు మూసుకోనే నవ్వేవాడు పాపం. ఆ పండ్లే ఒక్కసారి చూడల్లని ఉండాదిరా. పిలిపిస్తావా?"

"పిలిపిస్తాలేమ్మా," అన్నాడు, ఎనిమిది నెలల కిందట అన్న మునేష్‌ను మట్టిచేసి, ఆ సంగతి చెప్పడానికి వచ్చి, చూపులేని అమ్మ చేతులకు మునేష్‌గా దొరికిపోయిన శశి.