వదులు ముడి

హుషారు కోసం బుగ్గన పెట్టుకునే ఖాత్ ఆకు నమలడం మానెయ్యమన్నాడు డాక్టరు. మెత్తటి తిండి తిని, దవడకు వేడి గుడ్డ కట్టుకోమన్నాడు. నోరు కదిపినప్పుడల్లా చెవి పక్కన టక్కుమనే చప్పుడు మెల్లగా తగ్గుతుందట.

మా సనా పట్నంలో ఆకు నమిలేవాళ్లకు పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళ ఒక ఘడియ ఉంది. అందరూ మాటలాపేస్తారు, దీపం వెలిగించరు. ఆకు లేకపోయినా అలవాటుకొద్దీ మేడగదిలో కూర్చున్నాను. ఎదురుగా మా అన్న హిజాం కూర్చునే పరుపు ఖాళీగా ఉంది. ఆయన పోయి పన్నెండు రోజులు.

టక్.

"మళ్లీ నములుతున్నావా?" మెట్ల మీంచి నా భార్య తఖియ్యా అరిచింది. "డాక్టరు మాటంటే లెక్కే లేదు నీకు!"

"నమలట్లేదే. నోరు కట్టుకుని కూర్చున్నా."

ఆమె గుమ్మంలోకొచ్చి, మసక వెలుతురులో నా తల చుట్టూ ఉన్న గుడ్డ చూసింది.

"ఛీ, విప్పెయ్యి. శవానికి కట్టినట్టుంది."

అన్నకు కట్టింది నేనే. నోరు తెరుచుకోకుండా, గడ్డం కింద నుంచి నెత్తి మీదికి. ముడి వదులుగా పడింది. ఎవరికీ చెప్పలేదు.

టక్.

తఖియ్యా నా దవడ మీద వేళ్లు పెట్టి చూసింది. అది కదల్లేదు. చప్పుడు మళ్లీ వచ్చింది. ఆమె పరుపు వైపు చూసి, గబగబా మెట్లు దిగిపోయింది.

నాకు భయం వెయ్యలేదు. ఏడుపూ రాలేదు. గుడ్డ విప్పాను. ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని పట్టుకుని చీకట్లో ఆ పరుపు దగ్గరికి జరిగాను.

"ముఖం ఇటు తిప్పు అన్నా. ఈసారి గట్టిగా కడతాను."