ఎద్దు తిన్న ఉత్తరం

మా వారపత్రికలో 'యాభై ఏళ్ల కిందట' శీర్షిక నేనే రాస్తాను. ప్రతి వారం పాత సంచికలోంచి ఒక వార్త ఏరాలి. ఆ వారం కట్ట విప్పితే, కావలసిన సంచికను చెదలు తినేశాయి. అచ్చుకు గంట కూడా లేదు. ఎద్దొకటి పోస్టాఫీసులో దూరి సంచెడు ఉత్తరాలు నమిలేసిందని కల్పించి రాసేశాను.

పత్రిక వచ్చిన రోజే ఒక పెద్దావిడ దాన్ని పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"సరిగ్గా ఆ రోజుల్లోనే, నాన్న మంచాన పడ్డారని ఉత్తరం రాశానంది అక్క. నాకు అందలేదు బాబూ. చివరిచూపు దక్కలేదు. అబద్ధాలకోరువని దుమ్మెత్తిపోసి, మళ్లీ దాని గడప తొక్కలేదు. పాపిష్టిదాన్ని! ఎద్దు తినేస్తే అక్క మాత్రం ఏం చేస్తుంది?"

నేను నోరు తెరిచేలోపే ఆవిడ కళ్లు తుడుచుకుంటూ అక్క ఇంటికి బయలుదేరింది.

మర్నాడు పొద్దున్నే సవరణ రాయడానికి కూర్చున్నాను. 'ఆ ఎద్దు వార్త అబద్ధం' అని రాసేసరికి అక్కగారే కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నేను రాసింది చదివి, కాగితం మడిచి తన సంచిలో వేసుకుంది.

"నేనసలు ఉత్తరమే రాయలేదు," అంది గొంతు తగ్గించి. "దానిమీద కోపంతో ఊరుకున్నాను. నిన్న వచ్చి నన్ను కావలించుకుని ఒకటే ఏడుపు."

"మరి నిజం చెప్పేశారా?"

"ఎలా చెప్పను? ఉత్తరంలో ఏం రాశావే అక్కా అని అడిగింది." ఆవిడ కలం తీసి నా చేతిలో పెట్టింది. "ఎద్దును తెచ్చినవాడివి, ఉత్తరం కూడా నువ్వే రాయి నాయనా. నాన్న చివరిదాకా దాని పేరే కలవరించాడని రాయి. ఆ ఒక్క మాటా నిజం."